ఎడమ పక్క కుట్టు

జూన్ 4

కత్తెర చేతబట్టిన కటింగ్ మాస్టరు అక్కగారి సముఖమునకు,

టైల్స్ ఫ్యాక్టరీ తనిఖీ విభాగానికి మూలస్తంభమైన నీ ఏకైక తమ్ముడు (స్తంభాలు మొత్తం రెండే, రెండోది కాలు బెణికి సెలవులో ఉంది) విన్నవించుకునేది ఏమంటే, ఇక్కడ నేను క్షేమం. నీకు ఐదో నెల అని బావ రాసిన కార్డు అందింది. లారీ నడిపే మనిషి కదా, ఉత్తరం కూడా బ్రేకు మీద కాలేసే రాస్తాడు. మొత్తం రెండు వాక్యాలు. రెండోది "ఉంటాను". అయినా ఆ కార్డు పట్టుకుని గదిలో రెండు రౌండ్లు గెంతాను. కింద వాటావాళ్ళు పైకప్పు ఊడుతోందనుకున్నారు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు నన్ను మామయ్యను చేస్తున్నందుకు నీకు నా ప్రగాఢ అభినందనలు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నా మాట ఫోన్లో ముక్కు దారి పట్టి అక్కడే కాపురం పెడుతుందని నీకు తెలుసు. మొన్న గ్యాస్ బండ కోసం ఫోన్ చేస్తే "జలుబు తగ్గాక చేయండి పెద్దాయనా" అని పెట్టేశారు. కాగితం మీద మాత్రం నా కంఠం గంట మోగినట్టు ఉంటుంది. కాబట్టి కాగితమే.

ఇక అసలు సంగతి. మూడో నెలలో నా పెదవినీ, ఏడాది నిండాక నా అంగిలినీ కుట్టిన ఈ ఊరి ఆసుపత్రి వాళ్ళకు ఇన్నేళ్ళకు నేను గుర్తొచ్చాను. అప్పట్లో కుట్టిన మొహాలన్నీ ఇప్పుడెలా ఉన్నాయో చూస్తారట, రమ్మని ఉత్తరం రాశారు. ఫోటోలు తీసి, ఐదుగురికి చూపించి, మార్కులు వేయిస్తారట. ఒకటి అంటే చాలా బాగుంది, ఐదు అంటే ఏం బాగోలేదు. ఏ పద్ధతిలో కుట్టిన మొహాలు బాగా తేలితే ఇక మీద పుట్టే పిల్లలకు ఆ పద్ధతి వాడతారట.

రోజుకు ఎనిమిది గంటలు బెల్టు మీద కదిలే పలకల్ని వంగి చూసి, ఇది ఫస్టు, ఇది సెకండు, దీని అంచు ఎగిరింది పక్కన పెట్టండి అని తీర్పులు చెప్పే నన్ను, వచ్చి బెల్టు మీద పడుకోమంటున్నారు! పైగా షరతు: మగవాళ్ళు మీసం తీసి రావాలి. నా మీసం వయసు ఐదేళ్ళు. దాన్ని నేను పెంచలేదు, అదే నన్ను పెంచింది. అందుచేత నేను వెళ్ళడం లేదు. ఆ కవరు వెనక పాల లెక్క రాసుకుంటున్నాను.

నీ ఆరోగ్యం రాయి. బావను రెండు కాదు, మూడు వాక్యాలు రాయమను.

ఇట్లు,
సమీసుడైన తమ్ముడు


జూన్ 12

ఒరేయ్,

నీ ఉత్తరం చూసి నవ్వుకుందామని నాలుగు రోజులుగా సంచిలోనే పెట్టుకుని తిరిగాను. నిన్న స్కానింగ్ గది బయట బెంచీ మీద చదివాను. బాగా నవ్వాను. పక్కనున్నామె "ఏంటమ్మా" అంటే "మా తమ్ముడు" అన్నాను.

లోపలికి వెళ్ళాక స్కాన్ చేసే ఆవిడ "ఇదిగో చెయ్యి, ఇదిగో వెన్ను" అంటూ చెప్తోంది. ఉన్నట్టుండి మాట ఆపేసింది. పొట్ట మీద ఆ పరికరాన్ని ఒకేచోట అటూ ఇటూ తిప్పుతోంది. చాలాసేపటికి "మీ ఇంట్లో ఎవరైనా గ్రహణం మొర్రితో పుట్టారా?" అంది. మళ్ళీ "మా తమ్ముడు" అనే అన్నాను. తలాడించి రాసుకుంది. అంతకు ముందే నీ పేరు చెప్పుకుని నవ్విన నేను ఇప్పుడు అదే మాట ఒక జబ్బు పేరు చెప్పినట్టు చెప్పాను. మనసు అదోలా అయిపోయింది.

పై పెదవి ఒక పక్క తెరుచుకుని ఉందట. లోపలి అంగిలి సంగతి పుట్టాక గాని తెలియదట. మిగతా అంతా బాగుందన్నారు. మీ బావ లోడుతో వెళ్ళాడు, ఇంకా చెప్పలేదు.

ఈ నెలాఖరులోగా నేనొకటి తేల్చుకోవాలి. అదేమిటో ఇప్పుడు రాయను, నీ ఉత్తరాలూ నా ఉత్తరాలూ మీ బావ కూడా చదువుతాడు. అది తేల్చుకోవాలంటే నువ్వు ఆ ఆసుపత్రికి వెళ్ళి తీరాలి. పాల లెక్క కొట్టేసి వెళ్ళు. వాళ్ళెలాంటివాళ్ళో, ఏం చేశారో, నీ మొహానికి ఎంత వేశారో అంతా రాయి. ఫోటో పంపు. మీసం లేకుండా. నీ పెదవి నేను చూసి ఐదేళ్ళయింది.

భయంగా ఉందిరా. పనిలో నిన్న ఒక చొక్కా చేతులు రెండూ ఒకే వైపువి కత్తిరించాను. పదకొండేళ్ళలో ఎప్పుడూ జరగలేదు.

అక్క


జూన్ 21

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజున బెల్టు మీద వెళ్ళినవన్నీ ఫస్టు గ్రేడే. విరిగినవి కూడా. సూపర్‌వైజరు ఏమనుకున్నాడో ఏమో, నన్ను ఇంటికి పంపేశాడు.

వెళ్ళాను. మహాప్రస్థానానికి ముందు బార్బర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన సంగతి తెలుసుగా, కుర్చీలో కూర్చున్నవాడికి లోకంలో వార్తలన్నీ చెప్తేగాని వదలడు. "మీసమా? ఖాయమేనా? మళ్ళీ నన్ననకూడదు" అంటూ మొదలుపెట్టాడు. సగం తీశాక చెయ్యి ఆగింది. మాటా ఆగింది. మిగతా సగం తీసి, మామూలుగా వెనక అద్దం పట్టి చూపించేవాడు ఆ రోజు చూపించలేదు. బస్సులో ఎదురు సీటులో పాప నన్ను రెప్ప వేయకుండా చూసి వాళ్ళమ్మ చంకలో మొహం దాచుకుంది. నేను గంభీరంగా కిటికీలోంచి ప్రకృతిని పరిశీలించాను. బయట ఉన్నది టైర్ల గోడౌను.

ఆసుపత్రిలో ఫోటోలు తీసే ఆయన ముసలాయన, తెల్ల గోడ ముందు ఎత్తు స్టూలు. జుట్టు వెనక్కి దువ్వి క్లిప్పు పెట్టాడు. ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి, పెదవులు బిగించి, నవ్వుతూ. చివరికి తల వెనక్కి వంచమని కింద నుంచి ముక్కు రంధ్రాలు తీశాడు, సొరంగం తవ్వడానికి సర్వే చేస్తున్నట్టు. తర్వాత తెర మీద నా ఫోటో పెట్టి చుట్టూ కత్తిరించడం మొదలుపెట్టాడు. నుదురు పోయింది, కళ్ళు పోయాయి, చెంపలు, గడ్డం పోయాయి. మిగిలింది ముక్కూ, పై పెదవీ.

"కళ్ళెందుకు తీసేశారండీ?" అన్నాను.

"కళ్ళు చూస్తే జనం మెత్తబడి మంచి మార్కులేసేస్తారయ్యా."

"అంటే నా కళ్ళు బాగోలేవా?"

"బాగున్నాయి కాబట్టే తీసేశాను."

ఇంత చక్కటి పొగడ్తా, ఇంత ఘోరమైన శిక్షా ఒకే వాక్యంలో నాకెప్పుడూ దొరకలేదు.

మార్కులు వేసేది ఒక సర్జను, ఒక పళ్ళ డాక్టరు, ఒక నర్సు, బయటివాళ్ళు ఇద్దరు: క్యాంటీన్ మేనేజరు, రిటైరైన డ్రాయింగు మాస్టరు. ఒకరి మార్కు ఒకరికి చెప్పకూడదు. అందరూ ఒకే కొలతతో చూడాలని ముందుగా వాళ్ళకో నమూనా కాగితం ఇస్తారు, అందులో ఒకటి నుంచి ఐదు దాకా ఒక్కో మార్కుకు ఒక్కో ఫోటో. మా ఫ్యాక్టరీలో గోడకు కొట్టిన నమూనా పలకల బోర్డు లాంటిదే. అడిగితే నాకూ ఒక కాగితం ఇచ్చారు. పెదవి ఎర్ర అంచు గీత తిన్నగా ఉందా, ముక్కు ఆకారం ఎలా ఉంది, ముక్కు ఎటు ఒరిగింది, పక్క నుంచి ఎలా ఉంది, ఈ నాలుగూ చూస్తారు. ఫలితం వారంలో.

అక్కా, నువ్వు తేల్చుకోవలసింది ఏమిటో నేను అడగను. అడగకూడదని నాకు తెలుసు. ఏమిటది?

కళ్ళు లేని నీ తమ్ముడు


జూన్ 24

ఒరేయ్,

నీ ఉత్తరం ఇంకా అందలేదు. ఆగలేక రాస్తున్నాను. మీ బావ వచ్చాడు. చెప్పాను. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయి "వాడిలాగే ఉంటుందా?" అన్నాడు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియలేదు. సాయంత్రం వాళ్ళక్క వచ్చి "ఇంకా టైముందిగా, బాగా ఆలోచించుకోండి" అంది. నేను కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాను.

ఫోటో సంగతి మర్చిపోకు. మూతి మూసినది ఒక్కటే కాదు, నోరు బాగా తెరిచి లోపల అంగిలి కనపడేటట్టు ఒకటి. కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, ఇన్నేళ్ళకు ఎక్కడైనా లాగుతోందో, మింగేటప్పుడు ఇబ్బందేమైనా ఉందో రాయి. చొక్కా కొనేముందు లోపలి వైపు తిప్పి కుట్టు చూస్తాం కదా, అలా చూడాలి నేను. మార్కు ఎంతో రాయి. బాగోకపోయినా సరే, నిజం రాయి.

ఆరు రోజులే ఉన్నాయి.

అక్క


జూన్ 27

పూజ్యురాలైన అక్కగారికి,

శుభవార్త! నీ తమ్ముడి మూతికి ఒకటో నంబరు వచ్చింది. ఐదుగురూ ఏకగ్రీవం. పళ్ళ డాక్టరుగారు ఇంతటి పెదవిని తన జీవితంలో చూడలేదన్నారని భోగట్టా. డ్రాయింగు మాస్టరు పెన్సిలు కోసం వెతికారట. ఫోటో జత చేశాను. పద్ధతి ప్రకారం కళ్ళూ గడ్డం లేకుండా ముక్కూ పెదవీ మాత్రమే. చూడు, అంచు గీత ఎంత తిన్నగా ఉందో! మచ్చ వెతికితేగాని కనపడదు. నోరు తెరిచిన ఫోటో వాళ్ళు తీయరు, అడిగాను.

కాబట్టి అక్కా, అలాంటి పెదవితో పుట్టినవాళ్ళు చివరికి ఇలా అవుతారు. ఇందులో భయపడవలసింది ఏమీ లేదు. కాలేజీ చదివారు, ఉద్యోగాలు చేస్తున్నారు, టీ తాగుతున్నారు, పాటలు కూడా పాడతారు, వినేవాళ్ళు లేనప్పుడు. చిన్నప్పుడు బళ్ళో "మొర్రోడా" అని పిలిచినవాళ్ళకు ఇప్పుడు బట్టతల వచ్చింది. బాధ అనేది అసలు లేనే లేదు. ఉన్నా గుర్తుండదు. నా మాట నమ్ము. ఈ ఫోటో బావకు చూపించు. బావ వాళ్ళక్కకు రెండుసార్లు చూపించు.

ఏ నిర్ణయమైనా తొందరపడి తీసుకోకు. తీసుకునే ముందు ఒక్క కార్డు ముక్క రాయి. నేను మొదటి బస్సుకే వస్తాను. మీసం రాలేదింకా, అయినా వస్తాను.

ఇట్లు,
ఒకటో గ్రేడు తమ్ముడు


జూన్ 30

ఈ ఫోటో ఎవరిదిరా?

నీ చీలిక ఎడమ పక్క. ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకు కుడిచేతి వైపు కనపడాలి. ఈ ఫోటోలో మచ్చ ఎడమచేతి వైపు ఉంది. మనిషి ఎదురుగా ఉంటే కుడిఎడమలు తారుమారవుతాయని, పదకొండేళ్ళుగా రోజూ బట్ట తిరగేసి కత్తిరించే నాకు తెలియదనుకున్నావా? పైగా ఈ ముక్కు చూడు, ఎంత సన్నగా ఉందో. మన వంశంలో ఎవరికైనా ఉందా ఇలాంటి ముక్కు?

నీకేమైంది? ఏదో జరిగింది. కుట్టు విడిపోయిందా? అంగిలిలో మళ్ళీ కన్నం పడిందా? ఇన్నేళ్ళ తర్వాత అలా అవుతుందా అని ఇక్కడ డాక్టరమ్మను అడిగాను. "అందరికీ కాదు" అంది. ఆ మాటతో నా ప్రాణం పోయింది. నిన్ను పిలిచింది మార్కులకోసం కాదేమో, ఇంకేదో కనిపెట్టి ఉంటారు. మింగగలుగుతున్నావా? అన్నం తింటున్నావా? నిజం చెప్పమంటే ఎవడి మూతో పంపి నన్ను నవ్వించాలని చూస్తావా? చిన్నప్పుడు ప్రతి గ్రూప్ ఫోటోలోనూ తుమ్ముతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టేవాడివి. ఇంకా అదే పనా?

గడువు ఇవాళే. నీ నిజమైన ఉత్తరం అందితేగాని చెప్పలేనన్నాను. ఇంకో పది రోజులు ఇచ్చారు. వెంటనే రాయి.

అక్క


జూలై 4

అక్కా,

ఈ ఉత్తరం ఇంటికి కాదు, మీ వర్క్‌షాపు చిరునామాకు పంపుతున్నాను. నువ్వొక్కదానివే చదువు.

నాకేమీ కాలేదు. మింగుతున్నాను, తింటున్నాను. కుట్లన్నీ వాటి వాటి స్థానాల్లో సుఖంగా ఉన్నాయి. నీకు పంపిన మూతి నమూనా కాగితంలో ఒకటో నంబరుది. కత్తెరతో కత్తిరించి పంపాను. ఆ కాగితంలో దాన్ని మించినది లేదు కాబట్టి దాన్నే ఎంచాను. ఏ పక్కదో చూడాలని తోచలేదు. నా మొహాన్ని నేను అద్దంలో తప్ప చూడలేదు. అద్దంలో నాకు ఎడమ ఎడమవైపే కనిపిస్తుంది.

ఎందుకు పంపానో చెప్తాను. నవ్వకు. నవ్వే ఉద్దేశం నాకూ లేదు.

నెలాఖరులోగా తేల్చుకోవాలన్నావు. ఉత్తరంలో రాయలేనన్నావు. "ఇంకా టైముంది" అని బావ వాళ్ళక్క అందన్నావు. "వాడిలాగే ఉంటుందా" అని బావ అన్నాడన్నావు. ఆరు రోజులే ఉన్నాయన్నావు. ఇంకేం మిగిలిందక్కా అర్థం చేసుకోవడానికి? నా ఫోటో పెట్టుకుని, నా మార్కు చూసి, ఆ బిడ్డ ఉండాలో వద్దో తేల్చుకుంటున్నావనుకున్నాను. బెల్టు పక్కన నిలబడి రోజుకు ఎన్ని పలకలు పక్కకు తోస్తానో నాకు తెలుసు. ఆ వారమంతా ఒక్కదాన్ని కూడా తోయలేకపోయాను.

నువ్వు వద్దనుకుంటే నేను తప్పు పట్టను. మోసేది నువ్వు, పెంచేది నువ్వు. కానీ ఒక్కటి అడుగుతాను. నన్ను చూసి మాత్రం వద్దనుకోకు.

అసలు ఫోటో ఇదుగో. మూడు వచ్చింది. సర్జను రెండు వేశాడు, తనవాళ్ళ చేతిపని కదా. పళ్ళ డాక్టరు మూడు, నర్సు మూడు, క్యాంటీన్ మేనేజరు మూడు, డ్రాయింగు మాస్టరు నాలుగు. ముక్కు ఎడమకు ఒరిగింది, అంచు గీత ఒకచోట మెట్టు దిగినట్టు ఉంది. నేనూ నాకు వేసుకోవాలని ఒక కాగితం ఇచ్చారు. ఐదు వేశాను. అది చూసి అక్కడి నర్సమ్మ "ఇక్కడికొచ్చేవాళ్ళలో సొంత మొహానికి ఇలాగే వేసుకునేవాళ్ళు చాలామంది బాబూ" అంది. థాంక్స్ అన్నాను.

నోరు తెరిచిన ఫోటో నా ఫోన్‌తో నేనే తీసుకున్నాను. మసగ్గా వచ్చింది. అంగిలి మధ్యలో కనిపించే గీతే కుట్టు. ఎక్కడా లాగదు. నీళ్ళు గబగబా తాగితే ఎప్పుడైనా ముక్కులోకి వస్తాయి, అంతే.

ఒకటి కాని తమ్ముడు


జూలై 9

ఒరేయ్ వెర్రివాడా,

నీ ఉత్తరం కటింగ్ టేబుల్ మీద పెట్టుకుని ఏడ్చాను. పక్కన కాజాలు కుట్టే పిల్ల ఎవరైనా పోయారా అని అడిగింది.

నేను తేల్చుకోవలసింది ఉద్యోగం! దసరా బట్టల సీజను వస్తోంది. "ఉంటే ఉండు, మధ్యలో వెళ్ళేదైతే ఇప్పుడే చెప్పు, టేబులు ఇంకొకరికి ఇస్తాను" అన్నాడు మా యజమాని. ఇక్కడి ఆసుపత్రిలో ఇలాంటి బిడ్డకు పాలు పట్టడం తెలిసినవాళ్ళు ఒక్కరు లేరు. మీ ఊళ్ళో ఉన్నారని విన్నాను. ఉద్యోగం వదిలేసి పురుటికి నీ దగ్గరికి రావాలా, వస్తే ఆ ఆసుపత్రివాళ్ళను నమ్మొచ్చా? అందుకే వాళ్ళ చేతిపని చూపించమన్నాను, లోపలిదీ బయటిదీ. మీ బావకు చెప్పకుండా ఉద్యోగం సంగతి ఉత్తరంలో ఎలా రాయను? బిడ్డ వద్దనే మాట నా నోట్లోకి ఎప్పుడూ రాలేదు. మా వదిన అన్నందుకే కదా లేచి వెళ్ళిపోయాను.

కానీ నువ్వు అంత నిజం రాశాక నేను సగమే రాస్తే బాగోదు. మొహం గురించి కూడా భయమే. లేదని చెప్తే అబద్ధం. అయితే అది రెండో భయం. మొదటిది నీకు ఎవరూ చెప్పలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ చెప్పొద్దంది.

నువ్వు పుట్టిన పందొమ్మిదో రోజు. నాకు ఎనిమిదేళ్ళు. నీకు చప్పరించడం రాదు కాబట్టి పాలు చెంచాతో పట్టాలి. ఒక్కో చెంచాకు ఎంతసేపో. అమ్మ దొడ్లో బట్టలు ఉతుకుతూ నాకు అప్పగించింది. బయట ఆటకు పిలుస్తున్నారు. తొందరగా అయిపోతుందని రెండు చెంచాలు వెంట వెంటనే పోశాను. పాలు నీ ముక్కులోంచి వచ్చాయి. తర్వాత ఏమీ రాలేదు. ఏడుపు కూడా రాలేదు. నీ మొహం పలక రంగుకు తిరిగింది. నేను అరవలేదురా. చెంచా పట్టుకుని అలాగే నిలబడ్డాను. అమ్మ ఎందుకో లోపలికొచ్చి చూసి, నిన్ను తలకిందులుగా పట్టుకుని వీపు మీద కొట్టింది. ఎంతసేపు కొట్టిందో నాకు తెలియదు.

ఆ తర్వాత నేను ఏ పసిబిడ్డకూ ఏదీ తాగించలేదు. మా వదిన పిల్లలు పుట్టినప్పుడు "నాకు చిన్నపిల్లలంటే చిరాకు" అని చెప్పి తప్పించుకున్నాను. అమ్మ నీకు పాలు పడుతుంటే మాత్రం రోజూ పక్కన కూర్చుని నీ పెదవినే చూస్తూ ఉండేదాన్ని. ఎడమ పక్క అని నాకు చెప్పాలా ఎవరైనా?

ఉద్యోగం మానేస్తున్నానని నిన్న చెప్పేశాను. సెప్టెంబరులో వస్తాను. మూడు అంటే మూడే. అబద్ధాలాడకు.

అక్క


ఆగస్టు 20

అక్కా,

నీ ఉత్తరం చదివి నా మెడ నేనే తడిమి చూసుకున్నాను. ఆ తర్వాత నీ మీద కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను. ఎనిమిదేళ్ళ పిల్ల కనపడుతోంది, చెంచాతో. కోపం రాలేదు. దాని గురించి ఇంతే.

కింద వాటాలో గది ఖాళీ అయింది, తీసుకున్నాను. మెట్లెక్కే పని లేదు. కిటికీ ఉంది, ఫ్యాను శబ్దం చేస్తుంది, నూనె వేస్తాను.

బావ మొన్న లోడు దింపి మా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. టీ తాగాం. నా మొహం వైపు తిన్నగా, చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చూడలేదు. చివరికి "నీకు నొప్పిగా ఉండేదా?" అన్నాడు. అదీ ఆయన అడగదలుచుకున్నది, గుమ్మంలో కూర్చున్నప్పటి నుంచీ. గుర్తులేదన్నాను. నిజంగానే లేదు. లారీ ఎక్కి వెళ్ళిపోయాడు, "ఉంటాను" అని.

ఆసుపత్రిలో పాలు పట్టడం నేర్పే నర్సమ్మ దగ్గర వారానికి రెండు రోజులు శిష్యరికం చేస్తున్నాను. పెదవి చీల్చిన రబ్బరు బొమ్మ ఉంది, మెత్తటి సీసా ఉంది. బిడ్డను నిటారుగా పట్టుకోవాలి. చప్పరించబోయినప్పుడే సీసా కొద్దిగా నొక్కాలి. ముక్కులోంచి వస్తే హడలిపోకుండా ఆపి, తుడిచి, ఊపిరి కుదిరాక మళ్ళీ పట్టాలి. ఇంతవరకు ఆ బొమ్మను మూడుసార్లు చంపాను. "నువ్వు మగాడివి కదా, నీకెందుకు బాబూ" అని అక్కడ తల్లులు నవ్వుతారు. మా అక్కకు చేతకాదండీ అంటాను. వాళ్ళు నిన్ను సోమరిపోతు అనుకుంటున్నారు. క్షమించు.

నాకూ భయంగానే ఉంది. బొమ్మ రంగు మారదు.

బొమ్మల పాలిటి యముడు


అక్టోబరు 14, మధ్యాహ్నం

వార్డు ఆయమ్మ చేత పంపుతున్నాను.

పొద్దున పాప పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు. ఏడిచింది. చీలిక ఒక పక్క కాదురా, రెండు పక్కలా ఉంది. స్కాన్‌లో పొరపాటు పడ్డారు. మధ్యలో చిన్న ముక్క ముందుకు వచ్చి ఉంది. అంగిలి కూడా తెరుచుకునే ఉంది. నేను ఒక్కసారి చూశాను. మళ్ళీ చూడలేకపోయాను. అటు తిప్పి పడుకోబెట్టమన్నాను. నిన్ను రోజూ చూసినదాన్ని, నేనే చూడలేకపోతున్నాను.

నర్సమ్మ ఒకసారి పాలు పట్టింది. తర్వాత సీసా నా చేతికిచ్చింది. పట్టుకోలేకపోయాను. మీ బావ రేపటికిగాని చేరడు. మగవాళ్ళను నాలుగింటికి రానిస్తారు. చేతులు కడుక్కుని రా.

అక్క


అక్టోబరు 14, సాయంత్రం

అక్కా,

నేను ఉన్నంతసేపూ నువ్వు గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నావు. అందుకని వార్డు బయట బెంచీ మీద కూర్చుని జరిగినది జరిగినట్టు నివేదిస్తున్నాను.

నాలుగూ పదికి మొదలుపెట్టాను. పట్టింది మొత్తం ముప్పై మిల్లీ. పట్టిన సమయం నలభై నిమిషాలు. మొదటి పది నిమిషాలు ఇద్దరికీ ఏమీ చేతకాలేదు. తర్వాత పాపకు వచ్చేసింది. నాకింకా రాలేదు. పక్క మంచం వాళ్ళాయన ఒకసారి తొంగి చూసి చప్పున తల తిప్పుకున్నాడు. ఏదైనా చమత్కారంగా అందామని నోరు తెరిచాను. ఏమీ రాలేదక్కా. మొదటిసారి.

పావు తక్కువ ఐదుకు పాలు రెండు రంధ్రాల్లోంచీ వచ్చాయి. పాప ఆగిపోయింది. నేను సీసా తీసి నిటారుగా పట్టుకుని లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మొహం ఎర్రబడింది. ఐదు అనేలోపు నా కళ్ళద్దాల మీద తుమ్మింది. తుమ్మి, మళ్ళీ నోరు తెరిచింది, ఇంకా కావాలని.

సర్జను దాచలేదు. మూడో నెలలో పెదవి, ఏడాదికి అంగిలి, ఆ తర్వాత ముక్కు, పళ్ళు, ఇంకా. నాకైనదానికంటే ఎక్కువ. అంతవరకూ బరువు పెరగాలి. బరువు పెరగాలంటే రోజుకు ఎనిమిదిసార్లు ఇదే పని. నన్ను రోజుకు ఒక్క గంటే రానిస్తారు. నర్సమ్మకు ఇంకో పదకొండు మంది పిల్లలున్నారు.

నువ్వే పట్టాలక్కా. ఇది చెప్పడానికి ఇంత పెద్ద చీటీ రాశాను.

తమ్ముడు


అక్టోబరు 15, పొద్దున

నీ చీటీ రెండుసార్లు చదివాను. పాపను ఇటు తిప్పమని ఆయమ్మతో చెప్పాను.

పెద్ద నర్సమ్మను బతిమాలి నీకు పదింటికి అనుమతి తీసుకున్నాను. రా. వచ్చి పక్కన నిలబడు. సీసా నేను పడతాను. నా చెయ్యి వణికితే మోచెయ్యి కింద నీ చెయ్యి పెట్టు, సీసా మాత్రం లాక్కోకు. నవ్వించకు. నేను ఆగిపోతే, నిలబడిపోతే, పేరు పెట్టి గట్టిగా పిలువు, కేకలెయ్యి, కొట్టినా ఫరవాలేదు.

మొహం నేను చూస్తాను. మింగుతోందో లేదో నువ్వు గొంతు చూస్తూ ఉండు.

అక్క